దగ్గు విని మనిషిని చెప్పినట్టు

మాకు ఆదివారం ఉదయం, డాలస్ మిత్రుడికి శనివారం రాత్రి. ఆ వేళకు మేం అయిదుగురం ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లం కూర్చుంటాం. విశాఖలో ఉన్నవాడు ఒక పాట మొదలుపెడతాడు. ముందుగా పేరు చెప్పినవాడికి పాయింటు. తెలుగు పాటలకు చోటు లేదు. ఒకప్పుడు హాస్టల్ గదిలో క్యాసెట్లు అరిగిపోయేదాకా విన్న పాత ఇంగ్లిషు రాక్, పాప్ పాటలే ఆడాలి. పోయిన నెల డాలస్ మిత్రుడు, శబ్దం ఇలా మొదలైందో లేదో, "బీటిల్స్, ఎ హార్డ్ డేస్ నైట్" అనేశాడు. నా పక్కనే కూర్చున్న మా అన్నయ్యగారి అమ్మాయి నోరు తెరిచింది. "బాబాయ్, పాట ఇంకా రానేలేదు కదా! ఆయన దేన్ని విని చెప్పారు?"

ఎనిమిదో తరగతి పిల్ల అడగవలసిన ప్రశ్నే. ధ్వనికి మూడు లక్షణాలని బళ్లో చెబుతారు: కీచుదనం, తీవ్రత, నాణ్యత. మొదటి రెండింటికీ పేజీలకు పేజీలు, బొమ్మలు, లెక్కలు ఉంటాయి. మూడోదానికి వచ్చేసరికి "వీణకూ వేణువుకూ తేడా తెలిసేది దీనివల్లే" అని రెండు మార్కుల జవాబు రాయించి ఊరుకుంటారు. మా ఆట మొత్తం ఆ రెండు మార్కుల జవాబులోనే ఉంది.

పాటను రాగాన్ని బట్టి గుర్తుపడతామని అందరం అనుకుంటాం. ఒకసారి లెక్క వేసి చూడండి. నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడిచే పాటలో ఒక్కో దెబ్బకు అర సెకను పడుతుంది. సెకనులో పదో వంతు వినిపిస్తే దెబ్బలో అయిదో వంతు మాత్రమే చెవిన పడినట్టు. గిటారులో అన్నిటికన్నా లావు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. అంటే ఆ వ్యవధిలో అది ఊగేది ఎనిమిది సార్లే. అందులో ఒక స్వరం తర్వాత ఇంకో స్వరం రావడానికి సందే లేదు, ఇక రాగం ఎక్కడ? అయినా 1999లో మనస్తత్వవేత్త గ్లెన్ షెలెన్‌బర్గ్ బృందం సరిగ్గా అంతే నిడివిగల ముక్కలు వినిపించి, అయిదు పాటల జాబితాలో అది ఏదో చెప్పమంటే, గుడ్డిగా ఊహిస్తే వచ్చే దానికన్నా ఎక్కువ సరైన జవాబులు వచ్చాయి. 2010లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కేరల్ క్రమ్‌హాన్సల్ అసలు జాబితానే ఇవ్వలేదు. 0.4 సెకన్ల ముక్క విని పాట పేరు, పాడినవారి పేరు రెండూ చెప్పమంటే, నాలుగింట ఒకసారికి పైగా రెండూ సరిగ్గా చెప్పారు.

మా ఊళ్లో తాతగారికి ఒక దగ్గు ఉండేది. ఆయన వీధి అరుగు ఎక్కుతూ ఒకసారి దగ్గితే, లోపల పేకముక్కలు చాప కిందికి, పుస్తకాలు చాప మీదికి వచ్చేవి. దగ్గుకు రాగం లేదు, మాట లేదు, తాళం లేదు. అయినా అది పక్కింటాయన దగ్గు కాదని మాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన గొంతు గొట్టం పొడవు, ఛాతీ వెడల్పు, అరవై ఏళ్ల చుట్టల పొగ, అరుగు మీది రేకుల కప్పు, అన్నీ కలిసి ఆ పావు సెకనులో ఇరుక్కుని ఉండేవి. రికార్డయిన పాట కూడా అంతే. ఫలానా గిటారు, ఫలానా గది, ఫలానా మైకు, వాటిని కలిపిన ఇంజినీరు చెయ్యి, అన్నీ మొదటి దగ్గులోనే బయటపడిపోతాయి.

1964లో వచ్చిన ఆ బీటిల్స్ పాట తొలి మోత దగ్గులకు రారాజు. బీటిల్స్ బృందంలో గిటారు వాయించే జార్జ్ హారిసన్ పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ కంపెనీ గిటారు మీద కొట్టిన దెబ్బ అది, కానీ ఒక్క గిటారుతో అంత నిండుగా మోగదు. దశాబ్దాల తరబడి గిటారు వాయించేవాళ్లు దాన్ని ఇంట్లో రాబట్టలేక జుట్టు పీక్కున్నారు. 2004లో కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయ గణితాచార్యుడు జేసన్ బ్రౌన్ ఆ మోతను ఫోరియర్ విశ్లేషణలో వేశాడు. కలిసిపోయిన ధ్వనిని దాని విడి పౌనఃపున్యాలుగా (సెకనుకు ఇన్ని కంపనలన్న లెక్కన) చిలికి తీసే గణితం అది. ఒక స్వరం దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ మూడు పౌనఃపున్యాలు కనబడ్డాయి. పన్నెండు తీగల గిటారులో తీగలు జంటలుగా ఉంటాయి, మూడేసి ఉండవు. ఒక మీటకు మూడు తీగలుండే వాద్యం పియానో. కాబట్టి వాళ్ల రికార్డుల నిర్మాత జార్జ్ మార్టిన్ అదే క్షణంలో పియానో మీట నొక్కి ఉండాలని బ్రౌన్ వాదన. ఆయన వివరాలన్నిటితో అందరూ ఏకీభవించలేదనుకోండి. కానీ దగ్గి నలభై ఏళ్లయ్యాక, ఆ దగ్గులో రెండో మనిషి కూడా ఉన్నాడని లెక్కకట్టి చెప్పడం నాకు మహా ముచ్చటగా ఉంటుంది.

అసలు స్వరమే లేని దగ్గు ఇంకొకటి ఉంది. 1977లో క్వీన్ బృందం పాట 'వి విల్ రాక్ యు'. రెండు అడుగుల చప్పుళ్లు, ఒక చప్పట్టు, అంతే. ఉన్నది కొద్దిమంది, వినబడాల్సింది పెద్ద గుంపు. గిటారు వాయించే బ్రయన్ మే భౌతికశాస్త్రం చదివినవాడు (2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేటు కూడా పుచ్చుకున్నాడు). చప్పుడును కొంచెం కొంచెం ఆలస్యంగా మళ్లీ మళ్లీ కలిపాడు. ఆ ఆలస్యాలు 2, 4, 6 లాంటి నిష్పత్తిలో ఉంటే, అవి ఒకదానిమీద ఒకటి క్రమంగా పడి, చెవి వాటిని ప్రతిధ్వనిగా పసిగడుతుంది. అందుకని ప్రధాన సంఖ్యల నిష్పత్తిలో పెట్టాడు. ఏ రెండూ కలిసి రావు, క్రమం దొరకదు, చెవి దాన్ని జనసమూహం అనుకుని మోసపోతుంది. మా ఆటలో దీన్ని రెండో చప్పుడు దాకా ఎవరూ ఆగనివ్వరు.

ఇంతకీ ఆ పదో వంతు సెకనులో చెవికి దొరికేది ఏమిటి? తీగను మీటగానే మూల స్వరంతో పాటు దాని గుణిజాలూ మోగుతాయి. 82తో పాటు 165, 247, ఇలా పైకి పోతాయి. వీటిని అనుస్వరాలంటారు. ఏది ఎంత బలంగా ఉందన్నదే నాణ్యత అని పుస్తకం చెప్పే మాట సగం నిజం. మిగతా సగం, ఏది ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోతుందన్నది. మీటిన గోరు గీరుకోవడంలో ఒక్క క్షణం అన్ని పౌనఃపున్యాలూ చిందరవందరగా ఉంటాయి, తర్వాత పై అనుస్వరాలు ముందు చస్తాయి. బాకాలో దీనికి వ్యతిరేకం, పైవి కాస్త ఆలస్యంగా వస్తాయి. దీన్ని నేను ధ్వని మొలక అంటాను. షెలెన్‌బర్గ్ ప్రయోగంలో 1000 హెర్ట్జ్‌కు కింది భాగాన్ని తీసేసినా జనం గుర్తుపట్టారు, పై భాగాన్ని తీసేస్తే దెబ్బతిన్నారు. ముక్కలను వెనక నుంచి ముందుకు వినిపించినా దెబ్బతిన్నారు. అనుస్వరాలు అవే, బలాలు అవే, మొలక మాత్రం తలకిందులైంది.

వెనక నుంచి అనగానే రాక్ సంగీతం చుట్టూ అల్లుకున్న ఒక మూఢనమ్మకం గుర్తొస్తుంది. రికార్డును తిరగేసి తిప్పితే అందులో సైతాను సందేశాలు వినబడతాయని, అవి తెలియకుండానే మనసులోకి దూరతాయని 1980లలో అమెరికాలో పెద్ద గగ్గోలు. ఇద్దరు యువకుల విషాదాంతానికి జూడాస్ ప్రీస్ట్ బృందం పాటలో దాగిన మాటలే కారణమన్న దావా 1990లో నెవాడా రాష్ట్రంలోని రీనో కోర్టుదాకా వెళ్లి, అక్కడ కొట్టివేయబడింది. అంతకు ముందే, 1985లో, వోకీ, రీడ్ అనే మనస్తత్వవేత్తలు పరీక్షించి చూశారు. తిరగేసిన మాటల అర్థం ఎవరి బుర్రకూ అందలేదు. కానీ "ఇక్కడ ఫలానా మాట ఉంది, వినండి" అంటే మాత్రం చాలామందికి వినబడింది! పక్కవాడు చెప్పాక గోడ మీది మరకలో దేవుడు కనబడటం లాంటిదే. తిరగేస్తే పాటనే పోల్చుకోలేని చెవి, తిరగేసిన ఉపదేశాన్ని మాత్రం ఎలా పట్టుకుంటుంది?

పాట వినిపిస్తే పేరు చెప్పే ఫోనులోని షజామ్ యాప్ మనలా చెవిని నమ్ముకోదు. 2002లో బ్రిటన్‌లో 2580 అనే నంబరుకు ఫోను చేసి పాట వినిపించే సేవగా అది మొదలైంది. పాట వర్ణపటంలో (ఏ క్షణాన ఏ పౌనఃపున్యం ఎంత బలంగా ఉందో చూపే పటంలో) బలమైన శిఖరాలను మాత్రమే చుక్కలుగా ఉంచి, చుక్కల జంటల మధ్య దూరాలను దాచుకుంటుంది. నా లెక్కలో అది వేలిముద్రలు పెట్టుకున్న వాచ్‌మన్. తాతగారి వేలు పెడితేనే తలుపు తీస్తాడు, మిమిక్రీ కళాకారుడు ఎంత బాగా దగ్గినా కదలడు. అదే పాటను అదే గాయకుడు వేదిక మీద కొత్తగా పాడితే అది సాధారణంగా పట్టుకోలేదు. మనం పట్టుకుంటాం, కాకపోతే కాస్త ఆలస్యంగా. అప్పుడు నిజంగానే రాగం వచ్చేదాకా ఆగాలి.

ఇక ఆన్‌లైన్‌లో ఆడటం వల్ల వచ్చే తంటాలు. మాట్లాడుకోవడానికి చేసిన ఈ కాల్ వ్యవస్థలు మాటను ఉంచి, ఫ్యాను చప్పుడును, దగ్గును రొదగా తీసిపారేస్తాయి. గిటారు మోత కూడా వాటి కంటికి రొదే. మొలకనే కోసేస్తే ఇక పోల్చుకునేది దేన్ని? శబ్దాన్ని యథాతథంగా పంపే అమరిక ఒకటి ఉందని తెలిసేదాకా మేం ఒకరి చెవులను ఒకరం శంకించాం. దూరం సంగతి వేరే. పాట బయల్దేరే విశాఖకు డాలస్ 14 వేల కిలోమీటర్లకు పైనే. ఇంటర్నెట్టును మోసే గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే నేరుగా పోయినా 0.07 సెకన్లు. గాలిలో శబ్దం ఆ వ్యవధిలో 24 మీటర్లు పోతుంది కాబట్టి, మా డాలస్ మిత్రుడు కల్యాణమండపంలో చివరి వరుసలో కూర్చుని ఆడుతున్నట్టు. నిజానికి దారి మలుపులు, యంత్రాల ఆలస్యం కలిసి అది ఇంకా ఎక్కువే. అయినా గెలుస్తున్నాడు, దుర్మార్గుడు. ఇప్పుడు ముక్కలను ముందే అందరికీ పంపించి, ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు గడియారం పెట్టుకుని ఆడుతున్నాం.

మొన్న ఆదివారం మా అన్నయ్యగారి అమ్మాయి కూడా ఒక ముక్క పంపింది. పాట కాదు, వాద్యం పేరు చెప్పాలట. సన్నగా మొదలై ఉబ్బుతూ వచ్చి టక్కున ఆగిపోయే ఒక్క స్వరం. హార్మోనియం, అన్నాం అయిదుగురం, దాదాపు ఒకేసారి. డాలస్ మిత్రుడు పందెం కూడా కాశాడు. అది పియానో. తిరగేసి పంపింది.