ఫ్లాష్ పెట్టినాక లైవ్ స్క్రీన్‌ని ఎంతవరకు నమ్మాలి

కడపలో పెళ్ళిళ్ళ సీజన్ మొదలైతే కొత్తగా ఫోటోలు తీస్తున్న కుర్రోళ్ళ దగ్గర్నుంచి మామూలుగా వచ్చే ఫోన్ ఒకటుంది. "అన్నా, కొత్త ట్రిగ్గర్ పెట్న్యా, స్క్రీన్ మొత్తం నల్లగా కనపడ్తాంది, కెమెరా ఏమన్నా పోయిందా?"

పోలేదు నాయనా. కెమెరా బ్రహ్మాండంగా ఉంది. ఫంక్షన్ హాల్లో నిలబడి మాన్యువల్‌లో షటర్ 1/200 సెకను, ఎపర్చర్ అంటే లెన్స్ రంధ్రం ఎఫ్ 8, ఐఎస్ఓ అంటే సెన్సర్ సున్నితత్వం 100 పెడితే అక్కడున్న లైట్లకి ఫోటో ఎట్లా వస్తుంది? నల్లగానే వస్తుంది. అది ముందుగానే నీకు ఆ నల్ల ఫోటోనే చూపిస్తోంది, అంతే. నెత్తిన ట్రిగ్గర్, అంటే విడిగా పెట్టిన ఫ్లాష్‌కి వెలగమని చెప్పే డబ్బా, ఉన్న సంగతి దానికి తెలీదు, తెలిసినా చూపించలేదు, ఎందుకంటే ఆ ఫ్లాష్ వెలుగు ఇంకా పుట్టలేదు కదా.

ఈ ఒక్క ముక్క సరిగ్గా బుర్రకెక్కితే లైవ్ వ్యూలో ఫ్లాష్ వాడేటప్పుడు వచ్చే తిక్కలన్నీ, అంటే స్క్రీన్ నల్లబడటం, రెండుసార్లు టక్ టక్ మనడం, పెళ్ళికొడుకు కళ్ళు మూసుకోవడం, ఫోటోలో సగం నల్ల పట్టీ రావడం, సైలెంట్ మోడ్‌లో ఫ్లాష్ అసలు వెలగకపోవడం, ఇవన్నీ దేనికదే వేరే జబ్బులు కావని అర్థమవుతుంది. లైవ్ స్క్రీన్ అంటే సెన్సర్ మీద పడే వెలుగుని ఆపకుండా చదివి చూపించే వీడియో. ఫ్లాష్ అంటే ఫుల్ పవర్లో కూడా సుమారు 1/300 నుంచి 1/1000 సెకను వెలిగి ఆరిపోయేది. ఒకటి ఎప్పుడూ ఉండే వెలుగుని చూస్తుంది, ఇంకోటి నువ్వు బటన్ నొక్కినాక వస్తుంది.

ముందు ట్రిగ్గర్ సంగతి తేల్చేద్దాం. కెమెరా నెత్తిన ఫ్లాష్ తగిలించే హాట్ షూలో మధ్యన ఒక పెద్ద పాయింట్ ఉంటుంది, "ఇప్పుడు వెలుగు" అని చెప్పడానికి అదొక్కటి చాలు. దాని పక్కన చిన్న చిన్న పాయింట్లు ఉంటాయే, వాటి ద్వారానే ఫ్లాషూ కెమెరా మాట్లాడుకుంటాయి. కెమెరాకి సరిపడే ఫ్లాష్ పెడితే చాలా కెమెరాలు "ఓహో ఫ్లాష్ వచ్చింది" అని గుర్తుపట్టి సెట్టింగ్స్‌తో సంబంధం లేకుండా స్క్రీన్‌ని వెలుగ్గా మార్చేస్తాయి. మధ్య పాయింట్ ఒక్కటే ఉన్న చవక ట్రిగ్గర్ పెడితే దానికి ఏమీ తెలీదు, అందుకే నలుపు. మెనూలోకి పోయి ఎక్స్‌పోజర్ సిమ్యులేషన్, అంటే సెట్టింగ్స్‌కి ఫోటో ఎట్లా వస్తుందో ముందే చూపించేది, ఆఫ్ చేస్తే సరి, సోనీలో అయితే లైవ్ వ్యూ డిస్‌ప్లేలో సెట్టింగ్ ఎఫెక్ట్ ఆఫ్ అని ఉంటుంది.

కానీ నన్నడిగితే ఆ నల్ల స్క్రీన్‌ని తిట్టుకోవడం కంటే వాడుకోవడం మేలు. ఫ్లాష్‌తో తీసిన ప్రతి ఫోటోలో నిజానికి రెండు ఫోటోలు కలిసి ఉంటాయి, హాల్లో ఉన్న లైట్లతో వచ్చేది ఒకటి, ఫ్లాష్‌తో వచ్చేది ఒకటి. మొదటిదాన్ని షటర్ స్పీడ్ పెంచి తగ్గించి మార్చుకోవచ్చు. రెండోదాని మీద షటర్ స్పీడ్ ప్రభావం దాదాపు ఉండదు, షటర్ సెకనులో 60వ వంతు తెరుచుకున్నా 200వ వంతు తెరుచుకున్నా ఫ్లాష్ ఆ లోపలే వెలిగి ఆరిపోతుంది కాబట్టి. దాన్ని మార్చేది ఎపర్చర్, ఐఎస్ఓ, ఫ్లాష్ పవర్, ఫ్లాష్‌కీ మనిషికీ మధ్య దూరం. స్క్రీన్ ఆ మొదటి ఫోటోని మాత్రం చాలావరకు నిజంగానే చూపిస్తుంది. అందుకని సిమ్యులేషన్ ఆన్‌లో ఉంచి, వెనక మండపం, పూలు, సీరియల్ లైట్లు ఎంత డిమ్ముగా ఉంటే బాగుంటుందో స్క్రీన్‌లో చూస్తూ షటర్ సెట్ చేసుకోండి, ఆ తర్వాత సిమ్యులేషన్ ఆపేసి ఫ్లాష్ పవర్ సంగతి ఒక టెస్ట్ షాట్‌తో తేల్చుకోండి. కన్ను ఆనించి అద్దాల్లోంచి చూసే ఆప్టికల్ వ్యూఫైండర్లో ఈ సౌకర్యం లేదు, అందులో అంతా మన కంటికి కనపడినట్టే కనపడుతుంది.

దూరం అన్నా కదా, దానికొక లెక్క ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. ఫ్లాష్‌కి 2 మీటర్ల దూరంలో పెళ్ళికూతురు, 4 మీటర్ల దూరంలో వెనక వరసలో మేనమామలు నిలబడ్డారంటే మేనమామల మీద పడేది పావు వంతే. గ్రూప్ ఫోటోలో ముందు వరస తెల్లబోయి వెనక వరస నల్లబోవడం ఇందుకే, మేనమామల రంగు తప్పేమీ లేదు. ఫ్లాష్‌ని సీలింగ్ వైపు తిప్పితే ఇద్దరికీ దూరాల్లో తేడా తగ్గుతుంది, కానీ ఇప్పటి హాల్స్‌లో సీలింగ్ రెండంతస్తుల ఎత్తుంటుంది, దానికి తోడు రంగురంగుల పీవోపీ, అంత దూరం పోయి వచ్చేసరికి వెలుగులో పస ఉండదు, ఉన్న కాస్తా ఆకుపచ్చగానో గులాబీగానో తిరిగొస్తుంది.

ఇక రెండు టక్ టక్‌లు. డీఎస్ఎల్ఆర్‌లో లెన్స్ వెనక ఒక అద్దం వాలుగా ఉంటుంది, వెలుగుని పైకి వ్యూఫైండర్‌కి పంపేది అదే. వెలుగు ఎంతుందో కొలిచే మీటర్ కూడా పైనే, ఆ ప్రిజం దగ్గరే ఉంటుంది. లైవ్ వ్యూ ఆన్ చేస్తే అద్దం పైకి లేస్తుంది, షటర్ తెరుచుకుంటుంది, వెలుగంతా నేరుగా సెన్సర్ మీదకి పోతుంది, పైనున్న మీటర్ గుడ్డిదైపోతుంది. ఇప్పుడు టీటీఎల్‌లో, అంటే లెన్స్ గుండా వచ్చే వెలుగుని కొలిచి పవర్ దానంతటదే పెట్టుకునే మోడ్‌లో, ఫ్లాష్ ఏం చేస్తుందంటే, అసలు వెలుగు ముందు ఒక చిన్న మెరుపు వదిలి, అది తిరిగొచ్చినదాన్ని కొలిచి పవర్ తేల్చుకుంటుంది. కొలవాల్సింది పైనున్న మీటర్ కాబట్టి అద్దం మళ్ళీ కిందకి రావాలి, కొలవాలి, మళ్ళీ లేవాలి, అప్పుడు ఫోటో. చాలా డీఎస్ఎల్ఆర్‌లలో శబ్దం రెండుసార్లు వినపడి ఫోటో ఒకటే పడేది ఇందువల్లే. ఈలోపు ఆ చిన్న మెరుపుకి మనిషి రెప్ప సుమారు సెకనులో పదో వంతులోనే పడిపోతుంది. మామూలుగా అయితే ముందు మెరుపుకీ అసలు మెరుపుకీ మధ్య గ్యాప్ అంతకంటే తక్కువ, అందుకే తప్పించుకుంటాం, లైవ్ వ్యూలో అద్దం దిగి లేచే టైమ్ కలిసేసరికి కళ్ళు మూసుకున్న పెళ్ళికొడుకు తయారు. ఫ్లాష్‌ని మాన్యువల్‌లో పెడితే ఈ ముందు మెరుపే ఉండదు.

ఈ ముందు మెరుపు వల్ల ఇంకో గొడవ. మూలన స్టాండ్ మీద పెట్టిన రెండో ఫ్లాష్‌ని స్లేవ్‌లో పెడతాం కదా, వేరే వెలుగు కనపడగానే అదీ వెలుగుతుంది. ఎస్1లో పెడితే మొదటి మెరుపుకే వెలిగేస్తుంది, అంటే ఫోటో పడకముందే దాని పని ఐపోయింది. నీ కంటికి వెలిగినట్టే కనపడింది, ఫోటోలో దాని జాడ లేదు. ఎస్2 అనేది ముందు మెరుపుని వదిలేసి రెండోదానికి వెలగడానికే. ఇది తెలీక రెండో ఫ్లాష్‌ని మూలన పడేసినోళ్ళు మా ఊళ్ళో తక్కువేం లేరు.

అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఈ గంతులేవీ ఉండవు, అన్నీ సెన్సరే చూసుకుంటుంది. అసలు లెన్సులు మార్చుకునే డీఎస్ఎల్ఆర్‌కి స్క్రీన్‌లో లైవ్‌గా చూసే వసతి 2006లో ఒలింపస్ ఈ-330తో వచ్చింది, రెండేళ్ళకే 2008లో పానాసోనిక్ జీ1 అద్దాన్నే పీకేసింది.

తలంబ్రాల దగ్గరికొద్దాం, ఎందుకంటే ఫ్లాష్ అసలు సత్తా కనపడేది అక్కడ. పోటాపోటీగా దోసిళ్ళతో పోసుకుంటున్నప్పుడు బియ్యం సెకనుకి 3 మీటర్ల వేగంతో పోతోందనుకోండి. షటర్ 1/60 అంటే ఆ టైమ్‌లో గింజ 5 సెంటీమీటర్లు కదుల్తుంది, హాల్ లైట్లతో తీస్తే పసుపు గీతలు తప్ప గింజలుండవు. ఫ్లాష్ 1/1000 సెకను వెలిగితే గింజ కదిలేది 3 మిల్లీమీటర్లు, బియ్యపు గింజే అంత చిన్నది కాబట్టి ఇంకా కొంచెం చెరిగినట్టే ఉంటుంది. ఇప్పుడు పవర్ తగ్గించి చూడండి. ఇప్పటి ఫ్లాషుల్లో పవర్ తగ్గించడమంటే మెరుపుని మధ్యలోనే కోసేయడం, అంటే పవర్ తగ్గేకొద్దీ మెరుపు పొట్టిదవుతుంది, బాగా కింది పవర్లలో 1/20000 దాకా కూడా పోతుంది. 1/8000 సెకను మెరుపు దొరికినా చాలు, గింజ అర మిల్లీమీటర్ కూడా కదలదు, ఒక్కో గింజ అంచు, దానికంటుకున్న పసుపు, పెళ్ళికూతురి జడ మీద ఎగిరిపడుతున్నవి, అన్నీ గాల్లో నిలబడిపోతాయి. కాకపోతే హాల్ వెలుగుని రెండు స్టాపులన్నా (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది) తగ్గించుకోవాలి, లేదంటే ఆగిపోయిన గింజ పక్కనే దాని దయ్యం లాంటి గీత కూడా పడుతుంది. అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930లలో ఈ మెరుపుల మీద పనిచేసి, 1957లో పాల చుక్క పడితే లేచే కిరీటాన్ని ఫోటో తీసింది కూడా ఇదే కిటుకుతో.

ఇంత వెలుగు నాలుగు పెన్సిల్ సెల్లుల్లోంచి ఎట్లా వస్తుందంటే, మన తోటల్లో సన్నధార బోరుతో రాత్రంతా తొట్టి నింపుకొని పొద్దున్నే ఒక్కసారిగా తూము తెరుస్తామే, అట్లా. సెల్లుల కొద్ది వోల్టేజీని సుమారు 330 వోల్ట్‌లకి పెంచి కెపాసిటర్లో నింపుతుంది, సన్నగా కూ అని వినపడేది ఆ పెంచే సర్క్యూట్ శబ్దం. 1400 మైక్రోఫారడ్ కెపాసిటర్ 330 వోల్ట్‌ల దగ్గర లెక్కేస్తే 76 జౌళ్ళు. 100 వాట్ల ఎల్ఈడీ లైట్ 1/200 సెకనులో వాడేది అర జౌలు. ఎల్ఈడీ కరెంటుని ఇంకాస్త బాగా వెలుగు చేస్తుందని ఒప్పుకున్నా తేడా చాలా ఉంది, "స్క్రీన్‌లో ముందే కనపడుతుంది కదా, వీడియో లైట్ పెట్టుకుంటే పోలా" అనేవాళ్ళకి జవాబు ఇదే. అన్నట్టు, సెల్లులు తీసేసినా ఆ కెపాసిటర్లో చార్జ్ నిలవుంటుంది, పాడైన ఫ్లాష్‌ని ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో విప్పొద్దు, కొడితే మామూలుగా కొట్టదు.

చీకట్లో ఫోకస్ గురించి ఒక మాట. చాలా డీఎస్ఎల్ఆర్ ఫ్లాషులు వేసే ఎర్ర గీతలు అద్దం దింపి ఉన్నప్పుడు పనిచేసే ఫోకస్ సెన్సర్ కోసం, అద్దం లేపితే వాటిని చూసేవాడే లేడు. ఫోన్ టార్చ్ వేయించుకోండి.

సైలెంట్ మోడ్‌లో ఎందుకు వెలగదు? పూర్తి ఎలక్ట్రానిక్ షటర్లో సెన్సర్ వరస తర్వాత వరసగా చదువుకుంటూ పోతుంది, మామూలు సెన్సర్లలో పైనుంచి కిందకి చదవడానికే ఫ్లాష్ మెరుపు కంటే చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. ఆ మధ్యలో ఫ్లాష్ మెరిస్తే కొన్ని వరసలకే వెలుగు తగుల్తుంది, ఎందుకొచ్చిన గొడవని చాలా కెమెరాలు ఫ్లాష్‌ని ఆపేస్తాయి. ట్యూబ్‌లైట్ల కింద స్క్రీన్‌లో చారలు పరిగెత్తేది కూడా ఈ వరస చదువు వల్లే, మన కరెంటు 50 హెర్ట్జ్, వెలుగు సెకనుకి 100 సార్లు ఎక్కి దిగుతుంది, షటర్ 1/50 లేదా 1/100 పెడితే చాలావరకు పోతాయి.

మెకానికల్ షటర్‌కీ ఒక హద్దుంది. దాంట్లో రెండు తెరలు, ఒకటి తెరుస్తూ పోతే రెండోది మూస్తూ వస్తుంది. సుమారు 1/200 లేదా 1/250 దాకా సెన్సర్ మొత్తం ఒక్క క్షణమైనా తెరిచి ఉంటుంది, అంతకంటే వేగం పెంచితే మొదటి తెర చివరిదాకా పోకముందే రెండోది బయల్దేరుతుంది, ఎప్పుడూ ఒక సన్న సందు మాత్రమే తెరిచి ఉంటుంది, ఫ్లాష్ మెరుపు ఆ సందులోంచే పడి మిగతాది నల్ల పట్టీ. 2023లో ప్రకటించిన సోనీ ఆల్ఫా 9 మార్క్ త్రీలో గ్లోబల్ షటర్, అంటే సెన్సరంతా ఒకేసారి చదివేస్తుంది, 1/80000 దగ్గర కూడా ఫ్లాష్ కలుస్తుంది, కానీ దాని రేటు చూస్తే మనకి మామూలు తెరలే ముద్దు.

ఈ హద్దు నిజంగా అడ్డమొచ్చేది పెళ్ళి హాల్లో కాదు, గండికోటలో. ప్రీవెడ్డింగ్ అని మిట్టమధ్యాహ్నం పెన్నా లోయ అంచున జంటని నిలబెడతారు. ఎండలో లెక్క ఐఎస్ఓ 100కి 1/100, ఎఫ్ 16. వెనక కొండలు మసకబారాలని ఎఫ్ 2.8 పెడితే ఐదు స్టాపులు, షటర్ 1/3200కి పోవాలి. హై స్పీడ్ సింక్ పెడితే ఫ్లాష్ ఒక్క మెరుపు బదులు గబగబా వందల చిన్న మెరుపులు వదిలి ఆ సందు పొడుగునా వెలుగిస్తుంది, కానీ అందులో చాలా వెలుగు మూసిన తెరకి కొట్టుకుని దండగ. ఆ ఎండకి ఫ్లాష్ తల కాలిపోయి నాలుగు షాట్లకే మొండికేస్తుంది కూడా, లైవ్ వ్యూలో ఆగకుండా నడిచే సెన్సర్ పరిస్థితీ అంతే, మధ్యమధ్యలో ఆఫ్ చేస్తూ నీడలో పెట్టండి.

నాకు నచ్చింది రెండో దారి, లెన్స్‌కి ఎన్‌డీ16 ఫిల్టర్, అంటే ముందు తగిలించే నల్లటి అద్దం. నాలుగు స్టాపులు తగ్గిస్తుంది, ఎఫ్ 2.8 అట్లాగే ఉంచి 1/200కి వచ్చేయొచ్చు, ఫ్లాష్ మామూలుగానే ఒక్క మెరుపుతో పనిచేస్తుంది. ఆప్టికల్ వ్యూఫైండర్లో ఆ ఫిల్టర్ వెనక నుంచి చూస్తే అంతా మసక చీకటి, లైవ్ స్క్రీన్ మాత్రం తక్కువ వెలుగుని తనే పెంచుకుని శుభ్రంగా చూపిస్తుంది, ఫ్లాష్ విషయంలో ఇంతసేపూ తిట్టిన స్క్రీన్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఎండకి స్క్రీన్ కనపడకపోతే పైన ఒక నల్లగుడ్డ కప్పుకోండి. ఫ్లాష్ పట్టుకున్న కుర్రోణ్ణి మాత్రం లోయ వైపు వీపు పెట్టి నిలబెట్టొద్దు, "ఇంకొంచెం వెనక్కి పో అబ్బీ" అని మనం స్క్రీన్‌లో చూస్తూ అంటాం, వాడు పోతాడు.