తాతగారి పటానికి కొబ్బరి నూనె రాయకండి: ఆయిల్ పెయింటింగ్‌లపై అపోహలు, వాస్తవాలు

పాత ఆయిల్ పెయింటింగ్‌లను బాగుచేయడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాటిలో కాలం పాడుచేసినవాటి కంటే, పండగ ముందు ఇల్లు దులుపుతూ మనుషులు పాడుచేసినవే ఎక్కువ. ఇళ్లలో తరచూ వినబడే మాటలు కొన్ని చూద్దాం.

అపోహ: ఆయిల్ పెయింటింగే కదా, కాస్త నూనె రాస్తే మళ్లీ మెరుస్తుంది.

వాస్తవం: మెరుస్తుంది, కొన్నాళ్లు. ఈ రంగుల్లో ఎక్కువగా ఉండేది అవిసె నూనె. అది నీళ్లలా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరగా మారుతుంది. పైపైన ఆరడానికి రోజులు పడితే, లోపలిదాకా ఆరడానికి నెలలు పడుతుంది. అలా గట్టిపడిన రంగుకు మీరు రాసే నూనెతో పనిలేదు. కొబ్బరి నూనె అసలు గట్టిపడే రకమే కాదు. జిడ్డుగా ఉండిపోయి ఇంట్లో దుమ్మంతా పట్టుకుంటుంది. అవిసె నూనె రాస్తే ఇంకా కష్టం. అది కూడా గట్టిపడి, పచ్చబడి, కింది రంగుకు అతుక్కుపోతుంది. దాన్ని కరిగించే మందు కింది రంగును కూడా కరిగించేయగలదు. నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే కేసులు ఇవే.

అపోహ: కోసిన బంగాళాదుంపతోనో, బ్రెడ్డు ముక్కతోనో రుద్దితే మురికి పోతుంది.

వాస్తవం: కొంత పోతుంది, అందుకే ఈ చిట్కా ఇంకా బతికి ఉంది. దుంపలోని తడి మురికిని తీస్తుంది, దాని పిండి మాత్రం బొమ్మ మీదే ఉండిపోతుంది. బూజుకు, పురుగులకు అది మేత. పైగా ఆ తడి పగుళ్లలోంచి దిగిందంటే కాన్వాస్‌కు పట్టించిన జిగురు ఉబ్బుతుంది, కాన్వాస్ ముడుచుకుంటుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. తడిగుడ్డ, అద్దాలు తుడిచే స్ప్రే, గిన్నెల సబ్బు కూడా ఇంతే.

"మరి మీరు ఉమ్మితో తుడుస్తారటగా?" అని అడిగేవాళ్లున్నారు. నిజమే, పుల్లకు దూది చుట్టి ఉమ్మితో తడిపి తుడవడం మా వృత్తిలో పాత పద్ధతి. ఉమ్మిలోని ఒక ఎంజైమ్ మురికిని వదిలిస్తుందని చూపిన పోర్చుగల్ పరిశోధకులకు 2018లో ఇగ్ నోబెల్ (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి) కూడా ఇచ్చారు. అయితే మేం ముందు కనిపించని మూల ఒకచోట పరీక్షించి, దూదికి రంగు అంటితే అక్కడితో ఆగిపోతాం. రంగేదో, వార్నిష్ ఏదో, మురికి ఏదో తేల్చుకోవడమే సగం పని. ఇంట్లో దీన్ని ప్రయత్నించకండి.

అపోహ: పచ్చబడిందంటే మురికి పట్టినట్టే.

వాస్తవం: చాలాసార్లు అది వార్నిష్ రంగు. డామర్ లాంటి చెట్టు బంకతో చేసిన పాత వార్నిష్‌లు ఏళ్లు గడిచేకొద్దీ పచ్చబడతాయి. తీయొచ్చు, కానీ థిన్నర్‌తోనో, నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనో మాత్రం కాదు.

అపోహ: మా ఇంట్లోది రవివర్మ ఒరిజినల్.

వాస్తవం: దాదాపు ఎప్పుడూ అది ఓలియోగ్రాఫే. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు ఇలాంటివి రాతి అచ్చుతో కాగితం మీద ముద్రించింది. పైన వార్నిష్ పూసినవీ, కాన్వాస్ నేత కనిపించేలా ఒత్తినవీ ఉంటాయి కాబట్టి చేత్తో వేసినట్టే అనిపిస్తాయి. భూతద్దంతో చూడండి, సన్నని చుక్కలు కనబడతాయి. అడుగు అంచు కత్తిరించకుండా ఉంటే ప్రెస్సు పేరు కూడా దొరకొచ్చు. ఒరిజినల్ కాదని చిన్నచూపు చూడకండి, మంచి ప్రతికి విలువ బాగానే ఉంది. అయితే అది కాగితం, తడి అస్సలు తగలకూడదు. అద్దం కావాలి, అద్దానికీ బొమ్మకూ మధ్య సందు ఉండాలి.

అపోహ: భద్రంగా ఉండాలంటే ప్లాస్టిక్‌లో చుట్టి బీరువాలో పెట్టాలి.

వాస్తవం: ప్లాస్టిక్ లోపల చెమ్మ నిలిచి బూజు పడుతుంది. చీకట్లో అవిసె నూనె మరింత పచ్చబడుతుంది కూడా. నేరుగా ఎండ పడని, వెలుతురున్న గోడ మేలు. వానాకాలంలో చెమ్మెక్కే బయటిగోడ వద్దు. తప్పకపోతే ఫ్రేము వెనక కింది మూలల్లో చిన్న కార్కు ముక్కలు అంటించి గాలి ఆడనివ్వండి. అగరొత్తుల పొగ, వంటింటి జిడ్డు, ఏసీ గాలి నేరుగా తగిలేచోటు కూడా వద్దు.

పెద్దల పటానికి బొట్టు పెట్టొద్దని నేను చెప్పలేను, చెప్పినా ఎవరూ వినరు. బొట్టు ఫ్రేముకు పెట్టండి. తడి పూలదండ రంగుకు ఆనకుండా చూడండి.

మరి ఇంట్లో ఏం చేయొచ్చు? దుమ్ము దులపొచ్చు. ముందు గది చీకటి చేసి, టార్చిలైటు పక్కనుంచి వాలుగా వేసి చూడండి. రంగు ఎక్కడైనా లేచి ఉంటే బ్రష్ తగలనివ్వకండి. లేకపోతే బొమ్మను కాస్త ముందుకు వంచి, మెత్తటి కొత్త బ్రష్‌తో పైనుంచి కిందికి నెమ్మదిగా దులపండి. గుడ్డ వాడొద్దు, దాని పోగులు పెచ్చులకు తగులుకుంటాయి.

చిరిగితే వెనక టేపు అంటించకండి, కొన్నాళ్లకు దాని ఆకారం ముందువైపు తేలుతుంది. పెచ్చులు రాలితే ఫెవికాల్ జోలికి పోకుండా బొమ్మను వెల్లకిలా పడుకోబెట్టండి. రాలినవి ఎంత చిన్నవైనా కాగితం కవరులో వేసి, బొమ్మతో పాటు బాగుచేసేవారికి ఇవ్వండి. వాటిలో చాలావరకు తిరిగి వాటి చోట్లోనే అతికించొచ్చు.