వంట సోడా పీహెచ్ ఎందుకు కదలదు?

చెంచాడు వంట సోడా, అంటే సుమారు 5 గ్రాములు, పావు లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే పీహెచ్ 8.1 దగ్గర ఉంటుంది. అదే చెంచాడు 15 లీటర్ల బకెట్‌లో వేసినా 8.3 దాటదు. అరవై రెట్లు పలచనైనా కదిలింది పాయింట్ రెండే! హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే దాదాపు 1.8 కదిలేది.

ఇంటర్‌లో దీనికి పీహెచ్ = ½(పీకె1 + పీకె2) అని బట్టీ పట్టిస్తారు. కె1, కె2 అంటే కార్బోనిక్ ఆమ్లం తన మొదటి, రెండో ప్రోటాన్ల (హెచ్⁺)ను వదిలే చర్యల స్థిరాంకాలు; పీకె అంటే గుర్తు మార్చిన వాటి లాగరిథం. 6.35, 10.33ల సగటు 8.34. మరి గాఢత ఏమైపోయిందని అడిగే పిల్లవాడికి 'ముందు లెక్క చెయ్యి' అన్నదే జవాబు. అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

వంట సోడాలోని బైకార్బోనేట్ అయాన్ ప్రోటాన్‌ను ఇవ్వనూగలదు, పుచ్చుకోనూగలదు. నీటితో కన్నా తమలో తామే ఎక్కువ ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇచ్చినది కార్బోనేట్, పుచ్చుకున్నది కార్బోనిక్ ఆమ్లం. ఒకటి పుడితే రెండోదీ పుట్టాలి కాబట్టి రెండూ సమానం. ఈ చర్య స్థిరాంకం కె2/కె1, అంటే సుమారు పదివేలలో ఒకటి. దాని వర్గమూలం నూటికి ఒకటి. గ్లాసులోనైనా బకెట్‌లోనైనా నూటికి ఒక అయాన్ అటు, ఒకటి ఇటు. గాఢతతో పాటు రెండూ తగ్గుతాయి, నిష్పత్తి మారదు. కె1, కె2లను గుణిస్తే ఆ రెండూ కొట్టుకుపోయి [హెచ్⁺]² = కె1·కె2 మిగులుతుంది. ద్రావణాన్ని మరిగిస్తే మాత్రం కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది, కార్బోనేట్ మిగులుతుంది, పీహెచ్ 9 దాటుతుంది.

నీళ్లు మధ్యలో దూరితే సగటు సూత్రం చెడుతుంది. అప్పుడు వాడాల్సింది ఇది (సి అంటే ఉప్పు గాఢత, కెడబ్ల్యు అంటే నీటి అయానిక లబ్ధం):

[హెచ్⁺]² = కె1(కె2·సి + కెడబ్ల్యు) / (కె1 + సి)

మోనోసోడియం ఫాస్ఫేట్‌కు సగటు (2.15, 7.20) 4.67. 0.1 మోలార్‌లో ఈ సూత్రం 4.69 ఇస్తుంది, పర్వాలేదు. 0.001 మోలార్‌లో 5.13! అక్కడ సి కన్నా కె1 పెద్దది, ప్రోటాన్లు నీటికే పోతాయి. డైసోడియం ఫాస్ఫేట్‌ది తిరగేసిన జబ్బు (ఇక్కడ కె1, కె2ల చోట కె2, కె3 పెట్టాలి): మూడో ప్రోటాన్ వదిలే కె3 మరీ చిన్నది, అందుకే అది నీటి నుంచే ప్రోటాన్ లాక్కుంటుంది. 0.01 మోలార్‌లో సగటు 9.78 అంటే, ఈ సూత్రం 9.5 అంటుంది. సి కె1కు పదింతలు, కె2·సి కెడబ్ల్యుకు పదింతలు ఉంటేనే సగటును నమ్మండి.

అయినా పొటాషియం హైడ్రోజన్ థాలేట్ దగ్గర పప్పులో కాలేస్తాం. పీకెలు 2.95, 5.41, పెద్ద సూత్రం 0.05 మోలార్‌కు 4.19 అంటుంది. పీహెచ్ మీటర్ సరిచూడ్డానికి వాడే ఇదే ద్రావణపు బఫర్ సీసా మీద 25 డిగ్రీలకు 4.01 అని ఉంటుంది. తేడాకు కారణం రెండు రుణావేశాల థాలేట్ అయాన్. పొటాషియం అయాన్లు దాని చుట్టూ మూగి స్థిరత్వమిస్తాయి. అది ఎక్కువ పుడుతుంది, ప్రోటాన్లూ పెరుగుతాయి. దాని యాక్టివిటీ గుణకపు (గాఢతలో ఎంత వంతు నిజంగా పనిచేస్తుందో చెప్పే సంఖ్య) లాగరిథంలో సగం, దాదాపు -0.17, కలిపితే 4.02. గ్లాసులో సోడా 8.34 చూపకుండా 8.1 చూపేదీ ఇందుకే.