కూలిన మిద్దె జాగా ఎవరిది?

పిల్లలూ,

మన వాడలో కూలిపోయిన మిద్దె జాగాను పంచాయతీ తీసేసుకుని ఆటస్థలం చేయొచ్చు కదా అని మీరు అడిగారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ జాగాలు అట్లా ఎందుకు పడి ఉన్నాయో చూడండి. మన పాలమూరు నుంచి ముంబైకి, పుణెకు పనికి పోయినవాళ్లు ఇంటికి తాళం వేసి పోయారు. మట్టి మిద్దెకు వానలు పడకముందే పైన మట్టి పోసి చదును చేయాలి. ఆ పని చేసే మనిషి ఊళ్లో లేకపోతే నీళ్లు లోపలికి దిగుతాయి, కట్టెలకు చెద పడుతుంది, చివరికి దూలం విరిగి కప్పు కూలుతుంది. మిగిలిన మొండిగోడల మధ్య సర్కారు తుమ్మ లేస్తుంది. అది లేచిందంటే చుట్టుపక్కలవాళ్లు చెత్త అక్కడే పోస్తారు. పగిలిన కుండలో, కొబ్బరి చిప్పలో వాననీళ్లు నిలిస్తే చాలు, డెంగీ దోమ వారం పది రోజుల్లో రెక్కలు విప్పుతుంది. పట్టణం అంచున వెంచర్లలో సంగతి వేరు. అక్కడ ధర పెరుగుతుందని ప్లాటు కొని, మళ్లీ ఆ దిక్కు తొంగిచూడనివాళ్లు ఎక్కువ. బతుకుదెరువుకు పోయినవాళ్ల మీద నాకు కోపం లేదు. వీళ్ల మీద ఉంది.

పంచాయతీకి జాగాను శుభ్రం చేయించే అధికారం ఒకటుంది. జాగాను తీసుకోవడం పూర్తిగా వేరే సంగతి. మీరు ఈ రెండింటినీ కలిపి అడిగారు.

శుభ్రం చేయించడానికి చట్టంలో ఇబ్బంది లేదు. మన తెలంగాణలో ఊళ్లకు 2018 పంచాయతీరాజ్ చట్టం, పట్టణాలకు 2019 మున్సిపాలిటీల చట్టం ఉన్నాయి. యజమానికి నోటీసు ఇస్తారు. గడువులోగా పొదలు కొట్టించకపోతే తామే కొట్టించి ఆ ఖర్చు అతని దగ్గర వసూలు చేస్తారు. 2019 సెప్టెంబరులో ఊళ్లను బాగుచేసే ప్రభుత్వ కార్యక్రమం పల్లె ప్రగతి మొదలైనప్పుడు పొదలు నరకడం, పాడుబడ్డ బావులు పూడ్చడం, శిథిలమైన ఇండ్లు తొలగించడం ఊరూరా జరిగింది. అంటే చేయాలనుకుంటే చేయగలరు. జాగా ఎవరి పేరున ఉన్నా దోమ పక్కింటి పిల్లను కుడుతుంది కాబట్టి ఈ పనిలో ఆలస్యం అస్సలు పనికిరాదని నా అభిప్రాయం.

తీసుకోవడం అట్లా కాదు. చట్టం ఒప్పుకుంటే తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోకూడదని రాజ్యాంగంలో 300ఎ అధికరణం చెప్తుంది. కోల్‌కతాలో ఒకాయన స్థలాన్ని అక్కడి నగర కార్పొరేషన్ రికార్డుల్లో తన పేరున ఎక్కించుకుంటే ఆ యజమాని కోర్టుకు పోయాడు. 2024 మే నెలలో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చి, కార్పొరేషన్ 5 లక్షల రూపాయల ఖర్చులు కట్టాలన్నది. ముందు నోటీసు ఇవ్వాలి, యజమాని మాట వినాలి, ఎందుకు తీసుకుంటున్నారో కారణం రాయాలి, అది ప్రజల పనికే కావాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి అని వివరంగా చెప్పింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం లెక్కగట్టిన విలువ మీద అంతే మొత్తం సొలేషియంగా, అంటే బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే అదనపు సొమ్ముగా, కలపాలి. ఇంటిపన్నుతో నెట్టుకొచ్చే చిన్న పంచాయతీకి అది మోయలేని బరువు.

అమెరికాలో న్యూ లండన్ అనే ఊరు ఉంది. ఊరి అభివృద్ధి పేరుతో అక్కడ ఇండ్లు తీసుకుంటే 2005లో ఆ దేశ సుప్రీంకోర్టు 5-4 తేడాతో సరేనన్నది. ఇండ్లు పోయాయి. అనుకున్న కట్టడాలు మాత్రం రాలేదు, ఆ నేల ఏళ్ల తరబడి ఖాళీగానే ఉండిపోయింది. తీసుకోవాలని తొందరపడేవాళ్లకు నేను ముందు ఈ సంగతే చెప్తాను.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. పాత ఇండ్లన్నీ గ్రామకంఠంలో, అంటే ఊరి ఇండ్ల కోసం వదిలిన నేలలో, ఉన్నవి. పొలాలకు ఉన్నట్టు వాటికి పాసుబుక్కు ఉండదు. ఇంటి నంబరు, పన్ను రసీదు, ఇన్నేళ్లు కాపురమున్నామనే మాట, చాలామంది దగ్గర ఇవే ఆధారాలు. తాత పేరున రసీదు, కొడుకులు నలుగురు నాలుగు చోట్ల, పంపకాలు కాలేదు. నోటీసు ఎవరికి ఇవ్వాలి? ఎవరూ రాలేదని ‘దిక్కులేని జాగా’ అనేస్తే, రేపు పుణె నుంచి మనుమరాలు వచ్చి నిలబడితే ఏం చెప్తాం? నిజంగా వారసులే లేకపోతే ఆస్తి ప్రభుత్వానికి చెందుతుంది. కానీ వారసులు లేకపోవడం వేరు, ఊళ్లో లేకపోవడం వేరు.

అందుకని ఆటస్థలం మాట కాసేపు పక్కన పెట్టి, శుభ్రం చేయించమని పంచాయతీ కార్యదర్శికి అర్జీ పెట్టండి. ఇంటి నంబరు, జాగా ఫొటోలు, చుట్టూ ఎన్ని ఇండ్లున్నాయో రాయండి. అర్జీ అందినట్టు ముద్ర వేయించుకోండి. గ్రామసభలో కూడా చదివించండి. అంతకన్నా ముందు ఆ ఇంటివాళ్ల చుట్టాల దగ్గర ఫోన్ నంబరు తీసుకుని వాళ్లతో మాట్లాడండి. కొందరు తామే డబ్బు పంపుతారు, కొందరు జాగాను పిల్లలు ఆడుకోవడానికి వాడుకోమని కాగితం కూడా రాసిస్తారు.

జేసీబీ వచ్చిన రోజు మీలో ఒకరైనా అక్కడ ఉండండి. కూలినా ఆ ఇంటి టేకు దర్వాజ, దూలాలు ఆ కుటుంబానివే. వాటిని చెత్తతో పాటు ట్రాక్టర్‌లో వేయనీయకండి. పక్కకు పేర్పించి, ఏమేం ఉన్నాయో పంచనామా రాయించి, ఒక కాపీ వాళ్లకు పంపండి.

మీ పెద్దనాయన