నది దాటితే చెల్లని పర్మిట్

2013 అక్టోబరులో పెన్సిల్వేనియా రాష్ట్రం ఫిలడెల్ఫియాకు చెందిన ఒక మహిళ కారులో న్యూజెర్సీ వెళ్లింది. రెండు రాష్ట్రాలకూ మధ్య ఉన్నది డెలావేర్ నది ఒక్కటే. ట్రాఫిక్ పోలీసు ఆపినప్పుడు, తన దగ్గర తుపాకీ ఉందని, దాన్ని దాచుకుని తిరగడానికి పెన్సిల్వేనియా ఇచ్చిన పర్మిట్ కూడా ఉందని ఆమే చెప్పింది. న్యూజెర్సీలో ఆ పర్మిట్ చెల్లదు. అరెస్టు చేశారు. నేరం రుజువైతే కనీసం మూడున్నరేళ్ల జైలు. ఆ కేసు మచ్చ పూర్తిగా పోవడానికి 2015లో గవర్నర్ క్రిస్ క్రిస్టీ క్షమాభిక్ష పెట్టాల్సి వచ్చింది. దాచకుండా నిజం చెప్పిన మనిషికి ఇంత టెన్షన్ అన్యాయమనే నేను అనుకుంటాను.

అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుతుంది కదా, తుపాకీ పర్మిట్ ఎందుకు చెల్లదు?

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. తుపాకీ పైకి కనబడేలా పెట్టుకోవడం తప్పు కాదు గానీ, బట్టల్లో దాచుకు తిరిగేవాడిని అనుమానంగా చూసేవారు. 1813లోనే కెంటకీ, లూసియానా అలా దాచుకోవడాన్ని నిషేధించాయి. తర్వాత చాలాచోట్ల పర్మిట్లు వచ్చినా, ఇవ్వడం మానడం అధికారి ఇష్టం. పర్మిట్ ఉన్నవాళ్లే కొద్దిమంది కాబట్టి పక్క రాష్ట్రం గొడవ పెద్దగా రాలేదు.

1987లో ఫ్లోరిడా దారి మార్చింది: అర్హత ఉంటే పర్మిట్ ఇచ్చి తీరాలి. 1995లో టెక్సాస్ అలాంటి చట్టమే చేసింది. తుపాకీ దాచుకుని తిరగడాన్ని అసలే ఒప్పుకోని చివరి రాష్ట్రం ఇల్లినాయ్ కూడా 2013లో దారికొచ్చింది. పర్మిట్లు లక్షల్లోకి చేరాక రాష్ట్రాలు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. కొన్ని అందరి పర్మిట్లనూ ఒప్పుకుంటాయి, కొన్ని ఎంపిక చేసినవాటినే. కాలిఫోర్నియా, న్యూయార్క్ బయటివాటిని ఒప్పుకోవు. ఒకచోట ఫైరింగ్ రేంజిలో కాల్చి చూపిస్తేనే పర్మిట్, మరోచోట అసలు శిక్షణే అడగరు. ఆ తేడా చూసి ఒక రాష్ట్రం భయపడితే తప్పు పట్టలేం.

పోలీసులకు మాత్రం 2004లో కేంద్ర చట్టం దేశమంతా తుపాకీ దాచుకుని తిరిగే వీలు కల్పించింది. మామూలు పౌరుల కోసం తెచ్చిన ప్రతిపాదనకు 2009లో సెనేట్‌లో 58 ఓట్లు వచ్చాయి, కావలసినవి 60. 2017లో ప్రతినిధుల సభ 231-198తో బిల్లు ఆమోదించినా సెనేట్ చేపట్టలేదు. 2022లో సుప్రీంకోర్టు, ప్రత్యేక కారణం చూపితేనే పర్మిట్ అనే న్యూయార్క్ నిబంధనను కొట్టేసింది గానీ, ఒకరి పర్మిట్‌ను మరొకరు ఒప్పుకోవాలా అన్నది తేల్చలేదు. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే తుపాకీ దాచుకుని తిరగొచ్చు. అయినా అక్కడివాళ్లు పర్మిట్ తీసుకుంటూనే ఉన్నారు, బయటి రాష్ట్రాల్లో పనికొస్తుందని.

టెక్సాస్‌లోని డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారే మన కుటుంబాలకూ ఇది తగులుతుంది. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే కేంద్ర చట్టం ప్రకారం నేరం. గ్రీన్‌కార్డు వచ్చి, టెక్సాస్ పర్మిట్ తీసుకున్నవాళ్లు ఆ దారిలో టెన్నెసీ దాకా నిశ్చింతగా వెళ్లొచ్చు. ఐ-81 హైవే మీద మేరీలాండ్ ఉన్నది పన్నెండు మైళ్లే, కానీ అక్కడ ఆ పర్మిట్ చెల్లదు. దారిన పోయేవాళ్లకు 1986 నాటి కేంద్ర చట్టం ఇచ్చే రక్షణ కావాలంటే, ఆ సరిహద్దు రాకముందే తూటాలు తీసేసి, తుపాకీని డిక్కీలో పెట్టి తాళం వేయాలి.