ఒక్క ‘సి’ అక్షరం వెనుక కథ

2026 జనవరి 1 తర్వాత ప్రచురితమయ్యే మొక్కల శాస్త్రీయ నామాల్లో ఏదైనా ఒక జనసమూహాన్ని కించపరిచేదిగా ఉంటే దాన్ని తిరస్కరించే వీలు శాస్త్రవేత్తలు పాటించే అంతర్జాతీయ నామకరణ నియమావళిలో చేరడంతో, ఈ పేర్లను ఎలా పలకాలి, ఎక్కడిదాకా వాడాలి అన్న పాత వాదన మళ్లీ రాజుకుంది. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మొక్కలకు రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచిన సంగతి చాలామందికి తెలిసినదే కనుక, అసలు మలుపైన 2024 జూలై నాటి మాడ్రిడ్ అంతర్జాతీయ వృక్షశాస్త్ర సమావేశం దగ్గరికి నేరుగా వెళ్లడం మేలు.

అంతవరకు నియమావళి పట్టించుకున్నది కంటికి కనిపించే అక్షరక్రమాన్నే. వైద్యుడు కాస్పర్ విస్టార్ (Wistar) గౌరవార్థం 1818లో వృక్షశాస్త్రవేత్త థామస్ నటాల్ ఒక పూలతీగకు పెట్టిన ‘విస్టీరియా’ (Wisteria) పేరులో ‘ఎ’ (a) ఉండవలసిన చోట ‘ఇ’ (e) పడినా, ఆ రూపమే నేటికీ చెల్లుతోంది. ఉచ్చారణ మాత్రం ఎవరి నోటికి వారే: మేపుల్ ప్రజాతి పేరును ఆంగ్లేయులు ‘ఏసర్’ అంటారు, ఇటాలియన్లు ‘ఆచెర్’ అంటారు, ప్రాచీన లాటిన్ పద్ధతి పాటించేవారు ‘ఆకెర్’ అంటారు, దానివల్ల ఎవరికీ నష్టం కలగలేదు.

మాడ్రిడ్‌లో మొదటిసారి చెవి మాట చెల్లింది. ‘ఎరిత్రినా కాఫ్రా’ వంటి పేర్లలోని ధాతువు దక్షిణాఫ్రికాలో నల్లజాతివారిని తిట్టే మాట. కాగితం మీద అది ఒక విశేషణమే కావచ్చు. పాఠం చెప్పేటప్పుడు, చెట్టుకు కట్టిన పలకను బిగ్గరగా చదివేటప్పుడు మాత్రం తరతరాలుగా ఆ మాట పడ్డవారి చెవిన అదే తిట్టు పడుతుంది. వృక్షశాస్త్రవేత్తలు గిడియన్ స్మిత్, ఎస్ట్రెలా ఫిగెయిరెడో ప్రతిపాదించిన మార్పు 351–205 ఓట్లతో నెగ్గింది. మొదటి ‘సి’ రాలిపోయి ‘కాఫ్రా’ (caffra) కాస్తా ‘ఆఫ్రా’ (affra) అయింది. 200కు పైగా మొక్కలు, శైవలాలు, శిలీంధ్రాల పేర్లు ఆ విధంగా మారాయి.

అవి దక్షిణాఫ్రికాలోని కాఫ్రేరియా అన్న ప్రాంతాన్ని సూచించే పేర్లేనని, పేర్ల స్థిరత్వం దెబ్బతింటుందని వ్యతిరేకులు వాదించారు. అయితే స్థిరత్వం అంతకుముందూ దెబ్బతిన్నదే: 2005లో వియన్నాలో జరిగిన ఇలాంటి సమావేశంలోనే ‘అకేసియా’ పేరు ఆస్ట్రేలియా జాతులకు దక్కడంతో ఆఫ్రికా తుమ్మలు ‘వాచెలియా’, ‘సెనెగాలియా’లుగా మారవలసి వచ్చిందన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి.

2026 నుంచి వర్తించే కొత్త నిబంధన మాత్రం వెనక్కి చూడదు. బానిసత్వ రద్దును వ్యతిరేకించిన వర్తకుడు జార్జ్ హిబర్ట్ పేరు మోస్తున్న ‘హిబర్టియా’ ప్రజాతి యథాతథంగానే ఉంది.