డస్ట్ టీ చెత్త కాదు, మందార టీలో మందారం లేదు

సికింద్రాబాద్ మోండా మార్కెట్ దగ్గర నాకు చిన్న టీపొడి కొట్టు ఉంది. అస్సాం, నీలగిరి పొడులు తెప్పించి, పాళ్లు చూసి కలిపి, లూజుగా అమ్ముతాను. చాయ్ బండ్లవాళ్లు కిలోల లెక్కన తీసుకుంటారు, ఇళ్లవాళ్లు పావుకిలో. ఇరవై ఏళ్లుగా కౌంటర్ వెనక నిలబడి గమనించింది ఒకటే. జనం అక్కర్లేని చోట గుచ్చి గుచ్చి అడుగుతారు, అడగాల్సిన చోట కళ్లు మూసుకుని కొనేస్తారు. రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: డస్ట్ అంటే ఫ్యాక్టరీలో నేల ఊడ్చి ఎత్తిన పొడి

మొన్నొక అమ్మగారు డబ్బా మీద చీటీ చదివి, "ఇదేంటయ్యా, దుమ్మని నువ్వే రాసి పెట్టుకున్నావు!" అన్నారు. ఆ పేరు పెట్టినవాళ్లను అనాలి. డస్ట్ అనేది గింజ సైజు పేరు, అంతే.

మనం పాలతో మరిగించి తాగే పొడి దాదాపు అంతా సీటీసీ (క్రష్, టేర్, కర్ల్) రకం. 1930లో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెక్‌కర్చర్ అనే ఆయన ఈ యంత్రం తయారుచేశాడు. పళ్లున్న రెండు రోలర్లు వేర్వేరు వేగాలతో తిరుగుతుంటే మధ్యలో ఆకు నలుగుతుంది, చిరుగుతుంది, చుట్టుకుపోతుంది. గాలి తగిలి రంగు మారాక ఆరబెట్టి జల్లెడ పడతారు. పై జల్లెడలో ఆగిన పెద్ద గింజలకు బీఓపీ, బీపీ అని పేర్లు. ఇంకా సన్నవి పీఎఫ్, పీడీ, చివరగా డస్ట్. బియ్యానికి నూక ఎలాగో దీనికి డస్ట్ అలాగ. ఆకు అదే, రోజూ అదే.

సన్నగా ఉన్న పొడి గబుక్కున దిగుతుంది, రంగు, చిక్కదనం ఎక్కువ ఇస్తుంది. నిమిషానికి నాలుగు కప్పులు పోయాల్సిన బండివాడికి అదే కావాలి. మంచి తోట డస్ట్, నాసిరకం పెద్ద గింజ కన్నా ఎంతో మేలు. నేను సరుకు దించుకునే ముందు 100 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లలో 2 గ్రాముల పొడి వేసి, 6 నిమిషాలు మూతపెట్టి, పాలూ చక్కెరా లేకుండా చప్పరిస్తాను. ఐఎస్ఓ 3103 అని టీ రుచి చూడడానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఆ లెక్కే ఇది. పాలు పోస్తే లోపాలన్నీ దాక్కుంటాయి.

మరి అనుమానించాల్సింది దేన్నంటే, రంగును. వాడేసిన పొడిని ఎండబెట్టి రంగు పట్టించి మళ్లీ అమ్మేవాళ్లు ఉన్నారు. తెల్లటి ఫిల్టర్ కాగితం మీద చిటికెడు పొడి వేసి, నాలుగు చుక్కల నీళ్లు చల్లండి. వెంటనే మరక దిగితే తేడా ఉన్నట్టే. కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు పెట్టి చూస్తే మరక ఇంకా బాగా తెలుస్తుంది. ఇనుప రజను కలిపారేమోనని అనుమానం ఉంటే అయస్కాంతం తిప్పితే చాలు. ఈ పరీక్షలు నా సొంతం కాదు, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ చెప్పినవే. ఇన్నేళ్లలో నా కొట్లో నిలబడి ఈ పని చేసినవాళ్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అపోహ: ఇరానీ చాయ్ ఇరాన్‌ది, అందులో నల్లమందు కలుపుతారు

హోటళ్లు పెట్టింది ఇరాన్ నుంచి వచ్చిన కుటుంబాలు, అది నిజం. కానీ ఇరాన్‌లో చాయ్‌లో పాలు పోయరు. చక్కెర గడ్డ పంటి కింద పెట్టుకుని నల్ల చాయ్ తాగుతారు. పైగా ఆ దేశంలో టీ సాగు నిలదొక్కుకున్నదే 1900 ప్రాంతంలో. భారత్‌లో వాళ్ల దౌత్యాధికారిగా పనిచేసిన కాషెఫ్ అల్ సల్తనే మన కాంగ్రా నుంచి మొక్కలు తీసుకెళ్లి లాహిజాన్‌లో నాటించాడు. అంటే మొక్క ఇటు నుంచి అటు పోయింది, హోటల్ అటు నుంచి ఇటు వచ్చింది.

ఇక నల్లమందు సంగతి. ఆ రుచి దమ్‌ది. డికాక్షన్‌ను మూత బిగించి సన్న సెగ మీద గంటలకొద్దీ ఉంచుతారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాగుతుంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. "ఒక్కరోజు మానితే తల పగిలిపోతుంది భయ్యా, ఏదో కలిపారు" అంటారు. కలిపిందేమీ లేదు, అది కెఫీన్ అలవాటు. ఇంట్లో టీ మానినా అదే తలనొప్పి.

ఈ కెఫీన్ లెక్క మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుంది, రోజుకు మొత్తం 300 మిల్లీగ్రాములు దాటొద్దు. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీలు వద్దని కూడా అందులోనే చెప్పారు. వాటిలో ఉండే టానిన్లు అనే పదార్థాలు తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. బిర్యానీ తిని చెయ్యి కడుక్కోగానే "దో చాయ్" అనే మన ఊరికి ఇది నచ్చే మాట కాదు. రక్తహీనత ఉన్నవాళ్లయినా వినాలి.

అపోహ: గ్రీన్ టీ మొక్క వేరు

ఒకటే మొక్క, కెమెలియా సైనెన్సిస్. నలగ్గొట్టి రంగు మారనిస్తే బ్లాక్ టీ. కోయగానే వేడి తగిలించి ఆపేస్తే గ్రీన్ టీ. సగంలో ఆపితే ఊలాంగ్. చేదుగా ఉందని గ్రీన్ టీని తిట్టేవాళ్లు సలసల కాగే నీళ్లు పోస్తున్నారు. దింపి మూడు, నాలుగు నిమిషాలు ఆగి పోసి చూడండి.

అపోహ: తేనీరు అంటే తేనె లాంటి నీరు

ఓ రిటైర్డ్ మాస్టారు పట్టుపట్టి వాదించారు. తేనెకూ దీనికీ చుట్టరికం లేదు. చైనాలో తీరప్రాంతపు మాట "తె". తేయాకులో ఉన్న "తే" కూడా అదే. డచ్చివాళ్ల ఓడలెక్కి యూరప్ పోయి టీ అయింది. చైనాలోనే చాలాచోట్ల "చా" అన్నది భూమార్గాన పర్షియా మీదుగా చాయ్‌గా మనకు చేరింది.

అపోహ: హెర్బల్ టీ ఆకులే కదా, ఎంత తాగినా ఏం కాదు

నాకు మండిపోయేది ఇక్కడే. డస్ట్ చూసి ముక్కు విరిచినవాళ్లే, పచ్చటి ఆకు బొమ్మ ఉంటే ప్యాకెట్ వెనక్కి కూడా తిప్పరు. అసలు అవి టీలు కావు, కషాయాలు. మన ఇళ్లలో జలుబుకు మిరియాల కషాయం, అజీర్తికి వాము నీళ్లు, ముసురు పట్టిన రోజున శొంఠి కాఫీ ఎప్పటి నుంచో ఉన్నాయి. అయితే అవసరం పడితే రెండు రోజులు తాగి ఆపేసేవాళ్లు. పొద్దున, రాత్రి నెలల తరబడి తాగింది లేదు.

బరువు తగ్గిస్తామనే కొన్ని పొడుల్లో సునాముఖి ఆకు ఉంటుంది. అది విరేచనకారి. తగ్గేది ఒంట్లో నీరు, కొవ్వు కాదు. గొంతుకు హాయి అని అతిమధురం రోజూ మోతాదు మించి తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది.

మందార టీ అని ఎర్రగా, పుల్లగా ఉండేది తెలుసు కదా. అందులో సాధారణంగా ఉండేది మన పెరటి మందారం కాదు, ఎర్ర గోంగూర. ఆ మొక్క కాయ చుట్టూ ఉండే కండగల ఎర్ర రక్షక పత్రాలను ఎండబెడతారు. ఈజిప్టులో కర్కదే అని తాగేదీ ఇదే. బీపీని కొంచెం తగ్గించే గుణం ఉంది కాబట్టి, ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు అడిగితే డాక్టరుకు చెప్పి తాగమంటాను. ఒకాయన ఆ మాటకే అలిగి పక్క కొట్లో కొనుక్కున్నారు.

మా ఆవిడ మాత్రం ప్యాకెట్ ధర చూసి, "గోంగూరకా ఇంత?" అని మిద్దె మీద రెండు కుండీల్లో విత్తనాలు వేసింది. మొక్కలు నడుమెత్తు వచ్చాయి. కాయలు కాసేలోపు ఆకంతా పప్పులోకి పోయేలా ఉంది.